చామనఛాయ బుగ్గలకు ఏ ఎరుపు?

గుంటూరులోని ఒక మహిళా కళాశాల విద్యార్థినులతో, పెళ్లి అలంకరణలు చేసే మేకప్ ఆర్టిస్ట్ మాట్లాడిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

మీ ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, మేకప్ గురించి ఒక గంట మాట్లాడమన్నారు. మేకప్ మొత్తం వద్దండీ, ఒక్క బ్లష్ గురించే, అంటే బుగ్గలకు అద్దే ఎరుపు గురించే చెబుతాను అన్నాను. గంటసేపు బుగ్గల గురించే ఏముంటుందని ఆవిడ ఆశ్చర్యపోయారు. చాలా ఉందమ్మా.

పంతొమ్మిదేళ్లుగా పెళ్లికూతుళ్లను తయారు చేస్తున్నాను. ఫౌండేషన్ రంగు తప్పితే అమ్మాయి వెంటనే "మేడమ్, మెడకీ ముఖానికీ తేడా వస్తోంది" అంటుంది. లిప్‌స్టిక్ నప్పకపోతే "వేరేది చూద్దాం" అంటుంది. బ్లష్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "నాలాంటి రంగుకి అది పడదు మేడమ్, వదిలేయండి" అంటుంది. మిగతా వాటికైతే తప్పు డబ్బాదని తెలుసు. బ్లష్‌కి మాత్రం తప్పు తన చర్మానిదే అనుకుంటుంది. ఈ మాట నేను కొన్ని వందలసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అందుకే ఇవాళ దీని గురించే మాట్లాడాలనుకున్నాను.

మా అక్క పెళ్లి 1998లో జరిగింది. అక్కది మంచి చామనఛాయ. మా ఊళ్లో అప్పటికి బ్యూటీ పార్లర్ లేదు. పక్క టౌన్ నుంచి ఒకావిడను పిలిపించారు. ఆవిడ అక్క ముఖానికి పొరలు పొరలుగా తెల్ల పౌడర్ వేసి, దాని మీద లేత గులాబీ రంగు గుండ్రంగా దిద్దింది. అద్దంలో చూసుకుని అక్క ఏమీ అనలేదు. నెల తర్వాత ఆల్బమ్ వచ్చింది. ఫ్లాష్ వెలుగులో ముఖమంతా బూడిద రంగు, బుగ్గల మీద రెండు గులాబీ బిళ్లలు. మెడా చేతులూ మాత్రం మా అక్కవే. "నా రంగుకి అంతకంటే ఏమొస్తుందిలే" అని ఆల్బమ్ మూసేసి బీరువా అడుగున పెట్టింది. ఆ ఆల్బమ్ ఇంటికొచ్చిన వాళ్లకి చూపించగా నేను ఎప్పుడూ చూడలేదు. అక్క రంగులో ఏ లోపమూ లేదని, ఆ డబ్బాలో కలిపిన తెలుపే అదంతా చేసిందని నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు గడిచాయి.

అసలు బుగ్గలు ఎందుకు ఎర్రబడతాయి? సిగ్గుపడినప్పుడు, ఎండలో నడిచొచ్చినప్పుడు, మూడంతస్తుల మెట్లెక్కినప్పుడు బుగ్గల్లోని సన్నటి రక్తనాళాలు విచ్చుకుంటాయి. అక్కడ రక్తం ఎక్కువ పారుతుంది. అది చర్మంలోంచి బయటికి కనిపిస్తుంది. రక్తం అందరికీ ఎరుపే. దాని మీద కప్పిన తెరే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఆ తెరకు రంగునిచ్చేది మెలనిన్. తెర పలచగా ఉంటే ఎరుపు గులాబీగా కనిపిస్తుంది. మన గోధుమ రంగు తెరలోంచి అదే ఎరుపు ఇటుక రంగులో, మిరపపండు రంగులో కనిపిస్తుంది. ఇంకా చిక్కటి చర్మంలోంచి నేరేడు రంగులోకి తిరుగుతుంది. నల్లగా ఉన్నవాళ్ల బుగ్గలు ఎర్రబడవని ఎవరైనా అంటే నమ్మకండి. బాగానే ఎర్రబడతాయి, ఆ ఎరుపు గులాబీ రంగులో ఉండదు, అంతే తేడా.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మీకు నప్పే బ్లష్ మీ ఒంట్లో ముందే ఉంది. దాన్ని గుర్తుపట్టి, ఆ రంగు డబ్బాలో దొరుకుతుందేమో వెతుక్కోవాలి. డబ్బాలో ఉన్న రంగుకి మీ ముఖాన్ని సర్దుకోనక్కర్లేదు.

గుర్తుపట్టడం ఎలా? ముఖం కడుక్కుని, ఏమీ రాసుకోకుండా, పొద్దున్నే కిటికీ దగ్గర అద్దం పెట్టుకోండి. రెండు మూడు నిమిషాలు తాడాట ఆడి వచ్చి చూసుకోండి. బుగ్గల మీద వచ్చే వెచ్చటి రంగు మీది. తెలియకపోతే కింది పెదవి కొంచెం మడిచి లోపలి రంగు చూడండి. అది బుగ్గ రంగుకి దగ్గర చుట్టమే. ఆ రంగును మనసులో పెట్టుకుని షాపుకి వెళ్లండి.

ఇప్పుడు డబ్బాలో ఏముంటుందో చెబుతాను. మీరు చిన్నప్పుడు వాటర్ కలర్స్ వేశారు కదా. ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ వస్తుంది. లేత గులాబీ బ్లష్‌లలో చాలావాటికి అలాగే వస్తుంది ఆ రంగు. అందులో కలిపే తెలుపు పేరు టైటానియం డయాక్సైడ్. డబ్బా వెనకాల సి.ఐ. 77891 అని ఉంటుంది. సి.ఐ. అంటే కలర్ ఇండెక్స్, ఒక్కో రంగు పదార్థానికీ ఇచ్చిన నంబరు. గోడలకు వేసే తెల్ల పెయింట్‌లో ఉండేదీ ఇదే. తెల్లటి చర్మం మీద ఈ తెలుపు కలిసిపోతుంది, గులాబీ ఒక్కటే కంటికి తెలుస్తుంది. మన చర్మం మీద అది కలవదు. గోధుమ రంగు మీద తెల్ల పొడి చల్లితే ఏమవుతుందో మీకు తెలుసు. విభూతి రాసినట్టు ఉంటుంది. మా అక్క ఆల్బమ్‌లో కనిపించిన బూడిద రంగు అదే.

దీన్ని షాపులోనే పట్టుకోవచ్చు. టెస్టర్ మీద వేలు రుద్ది, మోచేయి లోపలి వైపు ఒక గీత గీయండి. గీతను అలాగే చూసి మురిసిపోకండి. దాన్ని వేలితో చుట్టూ చెదరగొట్టండి. పలచబడ్డాక కూడా ఎరుపు ఎరుపుగానే ఉంటే మంచిది. పలచబడుతున్న కొద్దీ తెల్లగా, పాలు విరిగినట్టు అయిందంటే అందులో తెలుపు ఎక్కువ. ఆ డబ్బా అక్కడే పెట్టేయండి. చెదరగొట్టాక షాపు ట్యూబ్‌లైట్ కింద చూడకండి, గుమ్మం బయటికొచ్చి పగటి వెలుతురులో చూడండి. సేల్స్ అమ్మాయి పిలుస్తుంది, ఫర్వాలేదు, చెప్పి రండి. ఇంకో మాట, టెస్టర్‌ను ముఖానికి పెట్టుకోవద్దు. అది ఎంతమంది వేళ్లు తగిలినదో మనకు తెలియదు.

ఎరుపునిచ్చే పదార్థాల్లో నాకు బాగా ఇష్టమైనది ఐరన్ ఆక్సైడ్, సి.ఐ. 77491. పేరు కొత్తగా ఉంది కానీ మీ అమ్మమ్మలకు ఇది బాగా తెలుసు. గడపలకీ అరుగులకీ పూసే జాజు ఎర్రగా ఉండేది దీనివల్లే. వేల ఏళ్ల కిందట ఈజిప్టు స్త్రీలు బుగ్గలకు రాసుకున్నదీ ఎర్రమట్టే. ఇటుక రంగు, టెర్రకోట, గోధుమ కలిసిన ఎరుపు, అన్నీ దీంతోనే వస్తాయి. మన చర్మంలోని పసుపుకీ గోధుమకీ ఇది సొంత మనిషిలా కలిసిపోతుంది.

ఇంకొకటి కార్మైన్, సి.ఐ. 75470. దీని సంగతి శాకాహారులు తెలుసుకోవాలి. నాగజెముడు జాతి మొక్కల మీద బతికే ఒక చిన్న పురుగును ఎండబెట్టి తీసే రంగు ఇది. ఇవాళ ఎక్కువగా పెరూ నుంచి వస్తుంది. దీనికి మన మద్రాసుతో ఒక కథ ఉంది. ఈ రంగు వ్యాపారం స్పెయిన్ చేతుల్లో ఉండేది. అందులో వాటా కోసం ఈస్టిండియా కంపెనీ కూడా ప్రయత్నించింది. జేమ్స్ ఆండర్సన్ అనే కంపెనీ డాక్టరు 1780ల్లో సైదాపేటలో జెముడు తోట వేయించాడు. 1795లో బ్రెజిల్ వైపు నుంచి పురుగు కూడా వచ్చింది. వచ్చింది అసలు రకం కాదు. రంగు సరిగ్గా ఇవ్వలేదు కానీ జెముడు మొక్కల్ని మాత్రం తినేసింది. బుగ్గల ఎరుపు కోసం, బట్టల ఎరుపు కోసం మనుషులు ఇంత దూరం వెళ్లారు. కార్మైన్ మంచి రంగే, లోతైన దానిమ్మ గింజ ఎరుపు ఇస్తుంది. కొద్దిమందికి పడదు, దురద వస్తుంది. పురుగు రంగు వద్దనుకునేవాళ్లు డబ్బా మీద ఆ నంబరు లేదని చూసుకుని కొనండి.

ఇక మీకు నప్పేది వెచ్చటి ఎరుపా, అంటే నారింజ వైపుదా, చల్లటి ఎరుపా, అంటే నీలం వైపుదా? ఇంటర్నెట్‌లో అందరూ ఒకటే చెబుతారు. మణికట్టు దగ్గర నరాలు చూసుకో, ఆకుపచ్చగా ఉంటే ఒకటి, నీలంగా ఉంటే ఇంకొకటి. మన చర్మానికి ఈ పరీక్షను నేను నమ్మను. పసుపు, గోధుమ కలిసిన తెరలోంచి చూస్తే నీలం నరం కూడా ఆకుపచ్చగానే కనిపిస్తుంది. నా దగ్గరికొచ్చే అమ్మాయిల్లో ఎక్కువమందికి ఆకుపచ్చే. అందరికీ ఒకే జవాబు వచ్చే పరీక్షతో మనకేం పని? చర్మాలను కొలిచే లెక్కలు చాలావరకు వేరే చోట పుట్టినవి. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ చర్మవైద్యుడు ఎండకు ఎవరి చర్మం ఎలా స్పందిస్తుందనే దాన్నిబట్టి వర్గాలు చేశాడు. మొదట తెల్లటి చర్మానికే నాలుగు మెట్లు. గోధుమ, నలుపు చర్మాలకి రెండు మెట్లు తర్వాత చేర్చారు. 2022లో గూగుల్ విడుదల చేసిన మంక్ స్కేల్‌లో పది ఛాయలున్నాయి, అందులో మన ఊళ్ల ముఖాలకు కొంచెం చోటు దొరికింది.

నా పరీక్ష జాకెట్టు ముక్కలతో. మీ ఇంట్లో పేరంటాల్లో వాయనాలకు వచ్చిన జాకెట్టు ముక్కలు బీరువాలో బోలెడు ఉంటాయి. వాటిలోంచి ఒక కనకాంబరం రంగు, ఒక రాణీ పింక్, ఒక ఇటుక రంగు, ఒక మెరూన్ తీయండి. కిటికీకి ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ గడ్డం కింద పెట్టుకోండి. గుడ్డను చూడకండి, కళ్ల కింద చూడండి. నప్పని రంగు పెట్టుకుంటే కళ్ల కింది నలుపు, పెదవుల చివర్ల నలుపు ఇంకా ముదురుగా తేలతాయి. నప్పే రంగు పెడితే అవి వెనక్కి తగ్గుతాయి, ముఖమంతా ఒకే తీరుగా కనిపిస్తుంది. పక్కన అక్కో, స్నేహితురాలో ఉంటే ఇంకా మంచిది. కనకాంబరం, ఇటుక నప్పితే వెచ్చటి వైపు వెళ్లండి. రాణీ పింక్, మెరూన్ నప్పితే చల్లటి వైపు. అన్నీ నప్పుతున్నాయంటే సంతోషించండి, అలాంటివాళ్లు కూడా బాగానే ఉన్నారు.

రంగు ఎటు వైపుదో తెలిశాక, ఎంత చిక్కగా ఉండాలో చూడాలి. నా దృష్టిలో దీనిదే ఎక్కువ ప్రాముఖ్యం. పసిమి ఛాయ వాళ్లకి కనకాంబరం, ఉల్లిపొర రంగు చాలు. చామనఛాయకి మిరపపండు, ఇటుక, దానిమ్మ, బాగా విచ్చిన ముదురు గులాబీ. నలుపు వాళ్లు ధైర్యంగా వంగపండు, నేరేడు, మెరూన్ రంగులకు వెళ్లాలి. నిండు నారింజ కూడా చాలా బాగుంటుంది. ఇవి డబ్బాలో చూస్తే భయం వేస్తాయి. "ఇదేంటి మేడమ్, ఇంత ముదురు?" అని చేయి వెనక్కి తీసుకుంటారు. కొద్దిగా తీసుకుని పలచగా అద్దితే అదే రంగు లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. లేత రంగును ఎక్కువ వేసి చూపించాలనుకుంటే తెల్ల పిండి పేరుకుంటుంది. ముదురు రంగును తక్కువ వేయండి. మన చర్మానికి నేను తెలుసుకున్న కిటుకు ఇదే.

పౌడరా, క్రీమా, జెల్లా, లిక్విడా అని అడుగుతారు. పొడి చర్మమైతే క్రీమ్. జిడ్డు చర్మం, కాలేజీ బస్సు, మే నెల గుంటూరు ఎండ, ఈ మూడూ కలిస్తే జెల్ గానీ నీళ్లలాంటి టింట్ గానీ మంచిది. అవి ఆరిపోతే కదలవు. అయితే కొన్ని సెకన్లలో ఆరిపోతాయి కాబట్టి రెండు బుగ్గలకీ ఒకేసారి చుక్కలు పెట్టుకోవద్దు. ఒకటి పూర్తి చేశాకే రెండోది. పెళ్లికి నేను కింద క్రీమ్, పైన అదే రంగు పౌడర్ వేస్తాను, రెండూ పలచగా. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా నిలవాలి కదా. హోమం పొగకు కళ్లలో నీళ్లొస్తాయి, తలంబ్రాల పసుపు బుగ్గలకు అంటుకుంటుంది. క్రీమ్ ఒక్కటే ఉంటే ఆ పసుపు అక్కడే పట్టుకుంటుంది. పైన పౌడర్ ఉంటే బ్రష్‌తో దులిపితే పోతుంది.

పెళ్లి గురించి ఇంకో సంగతి. నలుగు పెట్టి మంగళస్నానం చేయించాక చర్మం మీద పసుపు ఛాయ ఉండిపోతుంది. పసుపు మీద గులాబీ వేస్తే నారింజ వైపు తిరుగుతుంది. ముందు రోజు ట్రయల్‌లో ఎంతో బాగున్న రంగు పెళ్లినాడు వేరేగా ఉందని అమ్మాయిలు టెన్షన్ పడేది ఇందుకే. నేను ఆ రోజుకి ఒక మెట్టు రాణీ పింక్ వైపు జరుగుతాను. బుగ్గచుక్క పెట్టాల్సిన చోటు కూడా ముందే అమ్మను అడుగుతాను. చుట్టూ రంగు మరీ చిక్కగా ఉంటే కాటుక చుక్క తేలదు.

మొటిమలున్నవాళ్లకు ఒక మాట. మెరుపులున్న బ్లష్ వద్దు. మైకా మెరుపు గుంటనీ గుట్టనీ ఎత్తి చూపిస్తుంది. గులాబీ రంగు మొటిమల ఎరుపును ఇంకా పెంచుతుంది, ఇటుక రంగులో అది కలిసిపోతుంది. బ్రష్‌ను వారానికి ఒకసారి షాంపూతో కడిగి ఆరబెట్టండి. 

బుగ్గల మీద మంగు ఉన్న అమ్మలు కొందరు ముందు వరసలో ఉన్నారు, నాకూ పురుడయ్యాక వచ్చింది. మంగు మీద నేరుగా బ్లష్ వేస్తే ఆ మచ్చ అంచు ఇంకా ముదురుగా కనిపిస్తుంది. ముందు మచ్చ ఉన్నంత మేర, మచ్చ రంగును సరిచేసే పీచ్ రంగు కరెక్టర్ పలచగా అద్ది, తర్వాత బ్లష్‌ను మచ్చ కంటే కొంచెం పైకి, కణత వైపు పెట్టండి. దాని కంటే ముఖ్యమైనది సన్‌స్క్రీన్. మంగు ఎండతోనే కాదు, మామూలు వెలుతురుతో కూడా ముదురుతుంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేత గోధుమ రంగు సన్‌స్క్రీన్‌లు ఆ వెలుతురును కూడా కొంత ఆపుతాయి. ఇందాక చెప్పిన జాజు రంగు ఇక్కడ కూడా పనికొచ్చింది చూడండి. చర్మవైద్యుల దగ్గరికి వెళ్లకుండా మెడికల్ షాపులో ట్యూబ్ అడిగి రాసుకోవద్దు. స్టిరాయిడ్ కలిసిన క్రీములతో చర్మం పలచబడి, ఆరని ఎరుపుతో నా దగ్గరికొచ్చిన పెళ్లికూతుళ్లు ఉన్నారు. ఆ ఎరుపును నేను ఏ రంగుతోనూ కప్పలేకపోయాను.

ఇప్పుడు వేసి చూపిస్తాను. ఎవరైనా ఒకరు రండి. నువ్వు రా తల్లీ, మూడో వరసలో నీలం చున్నీ. సన్‌స్క్రీన్ ఎప్పుడు రాశావు? తొమ్మిదింటికా, అయితే బాగా ఆరింది. తడి సన్‌స్క్రీన్ మీద పౌడర్ వేస్తే చారలు పడతాయి, కనీసం పది నిమిషాలు ఆగాలి.

ఈ అమ్మాయిది చామనఛాయ, కొంచెం పసుపు వైపు. నేను ఇటుక రంగు క్రీమ్ తీసుకుంటున్నాను. నేరుగా బుగ్గకి కాదు, ముందు నా చేతి వెనక పెట్టి వేలితో వెచ్చబరుస్తున్నాను. ఉంగరం వేలు వాడండి, దానికి బలం తక్కువ, నొక్కదు. ఒకసారి నవ్వు తల్లీ. నవ్వితే ఈ భాగం ఉబుకుతుంది కదా, చాలామంది దీని నడిమధ్యలోనే పెడతారు. నవ్వు ఆపు. చూశారా, అది కిందికి జారింది. నవ్వినప్పుడు పెట్టిన రంగు మామూలుగా ఉన్నప్పుడు మూతి పక్కకి వచ్చేస్తుంది, ముఖం వాలినట్టు ఉంటుంది. అందుకే దాని కంటే ఒక వేలు పైన పెట్టాలి. ముక్కుకి రెండు వేళ్ల దూరం వదలాలి. ముక్కు కొన కంటే కిందికి దిగకూడదు.

మూడు చుక్కలు. ఇప్పుడు అద్దుతున్నాను. రుద్దడం లేదు, పులమడం లేదు. పారాణి పెట్టేటప్పుడు పాదాన్ని ఎంత మెల్లగా పట్టుకుంటారో అలా. మధ్యలో కొంచెం నిండుగా, కణత వైపు పోతూ పోతూ మాయమైపోవాలి. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకూడదు. అంచు కనిపిస్తే ఇంకో పొర వేయకండి. శుభ్రమైన వేలితో ఆ అంచునే తట్టండి. ఒక బుగ్గ అయింది. రెండోది ఖాళీగా ఉంచి మీ అందరికీ చూపిస్తున్నాను. ఈ వైపు, ఈ వైపు. తేడా తెలుస్తోందా? రంగు పెట్టినట్టు లేదు, పరుగెత్తుకొచ్చినట్టు ఉంది.

పౌడర్ అయితే పెద్ద మెత్తటి బ్రష్ తీసుకోండి. డబ్బాతో వచ్చే చిన్న బ్రష్ వాడితే బిళ్ల పడుతుంది. బ్రష్‌ను పొడిలో ఒక్కసారి తాకించి, చేతి వెనక తట్టి దులిపి, అప్పుడు ముఖం దగ్గరికి తెండి. ఈ మధ్య కళ్ల కింద దాకా, ముక్కు మీద దాకా ఎరుపు వేసుకునే ఫ్యాషన్ వచ్చింది. సరదాగా చేసుకోండి, నేను కాదనను. కళ్ల కింద నల్లటి వలయాలున్నవాళ్లకి మాత్రం అది నిద్రలేనట్టు కనిపించేలా చేస్తుంది.

కూర్చో తల్లీ, థాంక్స్. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, లిప్‌స్టిక్‌నే బ్లష్‌లా వాడొచ్చా?)

క్రీమ్ లిప్‌స్టిక్ అయితే వాడొచ్చు, నేనూ వాడతాను. మ్యాట్ లిక్విడ్ లిప్‌స్టిక్ వద్దు, ఆరిపోయి చర్మం మీద పెచ్చులా నిలుస్తుంది. మొటిమలు ఎక్కువగా ఉంటే మైనం, నూనెలు ఉన్న లిప్‌స్టిక్ బుగ్గలకి రోజూ వద్దు. కుంకుమ మాత్రం ఎప్పుడూ రాసుకోకండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడే అసలు కుంకుమ వేరు. బజారులో దొరికే చాలా పొడుల్లో ఏ రంగు కలిపారో మనకు తెలియదు, దద్దుర్లు వస్తాయి.

(ఇంకో విద్యార్థిని: బీట్‌రూట్ రసం సహజం కదా, మంచిదేనా?)

హాని లేదు, కానీ నిలవదు. బీట్‌రూట్ ఎరుపు వేడికీ వెలుతురుకీ వెలిసిపోతుంది, మచ్చలు మచ్చలుగా అంటుతుంది. దాంట్లో నిమ్మరసం మాత్రం పిండకండి, ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లబడుతుంది. సహజమైనవన్నీ మంచివని కూడా అనుకోవద్దు. మన వీధి భాగవతాల వాళ్లు ముఖానికి పూసిన అర్దళం నేలలోంచి తీసిన రాయే, అందులో ఉన్నది ఆర్సెనిక్. యూరప్‌లో ఒకప్పుడు బుగ్గలకు ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజం వాడారు, అందులో పాదరసం. ఇవాళ మన దేశంలో సౌందర్య సాధనాల్లో వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 20 పాళ్లు, ఆర్సెనిక్ 2 పాళ్లు దాటకూడదని నిబంధన ఉంది. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని డబ్బాకి ఆ నిబంధన పాటించారో లేదో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఖరీదు తక్కువైనా ఫర్వాలేదు, ఆ మూడూ ఉన్నది కొనండి. మూత తెరిచిన డబ్బా బొమ్మ పక్కన 12 అనో 24 అనో ఉంటుంది చూడండి, తెరిచాక అన్ని నెలలు వాడొచ్చని. కొత్తది ఏదైనా చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడండి.

(విద్యార్థిని: ఒక్కొక్కరి చర్మాన్నిబట్టి రంగు మారుతుందని అమ్ముతున్నారు మేడమ్, అది?)

తెల్లగానో ఆకుపచ్చగానో ఉండి, రాయగానే గులాబీ అవుతుంది, అదేనా? వాటిలో సాధారణంగా రెడ్ 27 అనే రంగు ఉంటుంది. చర్మం తేమ తగలగానే అది నిండు గులాబీకి తిరుగుతుంది. మిమ్మల్ని గుర్తుపట్టి మారడం లేదు, అందరికీ దాదాపు అదే గులాబీ. జాకెట్టు ముక్కల్లో రాణీ పింక్ నప్పినవాళ్లకి బాగుంటుంది, అందులో తెలుపు తక్కువ కాబట్టి నల్లటి చర్మం మీద కూడా బూడిదలా ఉండదు.

(చివరి వరస నుంచి ఒక విద్యార్థిని: బ్లష్ వేసుకుంటే కొంచెం తెల్లగా కనిపిస్తామా మేడమ్?)

నువ్వు అడిగినందుకు చాలా సంతోషం తల్లీ. కనిపించవు. కనిపించనక్కర్లేదు కూడా. ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీమ్ మన దేశంలోకి 1975లో వచ్చింది, 2020లో దాని పేరులోంచి 'ఫెయిర్' తీసేశారు. నలభై అయిదేళ్లు మన ఇళ్లలో అద్దం పక్కన ఆ మాట ఉంది. అమ్మమ్మ విన్నది, అమ్మ విన్నది, నువ్వూ విన్నావు. బ్లష్ తెలుపుని తేదు, ప్రాణాన్ని తెస్తుంది. ఫౌండేషన్ వేశాక ముఖం గోడలా ఒకే రంగు అవుతుంది, కింద పారే రక్తం కనిపించకుండా పోతుంది. ఆ కప్పేసినదాన్ని తిరిగి పైకి తేవడమే మనం చేసేది. నీ రంగుకి నేనైతే నేరేడు రంగు జెల్ పెడతాను. నిన్ను చూడగానే అదే అనిపించింది. ముందు నువ్వే రా.

అందరూ కిటికీల వైపు వరసగా రండమ్మా. జాకెట్టు ముక్కలు ఈ బల్ల మీద ఉన్నాయి, చిన్న అద్దాలు కూడా తెచ్చాను. కనకాంబరం, ఇటుక, దానిమ్మ, నేరేడు, నాలుగూ గిన్నెల్లో తీసి పెట్టాను. వేళ్లు ముంచొద్దు, దూది పుల్లలున్నాయి, ఒక్కొక్కరూ కొత్తది తీసుకోండి. ముందు మోచేతి మీద, ఆ తర్వాత ఒక్క బుగ్గకే పెట్టుకోండి. రెండో బుగ్గ అలాగే ఉంచుకుని వెలుతురులోకి వెళ్లి చూసుకోండి.